పది లక్షల పాలసీ సరే, రూమ్ రెంట్ ఎంత?

మా నాన్నని డిశ్చార్జ్ చేసే రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్, నాలుగు రోజులు ఆసుపత్రిలో. బిల్లు 2 లక్షల 10 వేలు, హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ 5 లక్షలు. ఐదులో రెండు పోయినా ఇంకా మూడు మిగులుతాయిగా అన్న ధీమాలో ఉన్నాం ఇంటిల్లిపాదీ. కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండానే "సర్, 86 వేలు మీరు కట్టాలి" అంది. పొరపాటు పడిందేమో అనుకుని మళ్లీ అడిగాను. పొరపాటేం లేదు.

నాన్న పాలసీలో గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 5 వేలు దాటకూడదని ఉంది. మేం తీసుకున్నది 10 వేల గది. పెద్దాయన, పక్కన అమ్మ కూడా పడుకోవాలి, షేరింగ్ రూమ్‌లో ఏం ఇబ్బంది పడతారులే అనుకున్నాం. అదనంగా రోజుకు 5 వేలు చొప్పున నాలుగు రోజులకి 20 వేలు మా జేబులోంచి పోతాయి, పోనీలే అనుకున్నాం కూడా. అసలు దెబ్బ అక్కడ లేదు. గది అద్దె పరిమితికి రెట్టింపు కాబట్టి డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, నర్సింగ్ అన్నీ కలిపి వేసిన 1 లక్షా 20 వేలలో కూడా సగమే ఇస్తామన్నారు. అక్కడ 60 వేలు ఎగిరిపోయాయి. గ్లౌజులు, అడ్మిషన్ ఫీజు, ఇంకేవో చిల్లర పేర్లతో మరో 6 వేలు. మందులు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది కాబట్టి ఆ 44 వేలు మాత్రం పూర్తిగా వచ్చాయి, లేకపోతే బిల్లు ఇంకా తడిసి మోపెడయ్యేది.

అదే ఆపరేషన్, అదే డాక్టరు. షేరింగ్ గదిలో ఉండుంటే ఆసుపత్రి వాళ్లు వేసే రేట్లే తక్కువ, మా మీద పడేది బహుశా ఆ 6 వేలే. ఈ సంగతి చేర్చుకునేటప్పుడు ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. మేం అడిగామా? అదీ లేదు. అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అనలేదు పెద్దలు.

మనకు హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మేది ఒకే ఒక్క అంకె చూపించి. 5 లక్షలు, 10 లక్షలు, కోటి. ఏజెంట్ ఫోన్ చేసినా, యాప్‌లో కొన్నా, చివరికి ప్రభుత్వం హామీ ఇచ్చినా ఆ అంకె మీదే మాట. దాని కింద ఉండే రూమ్ రెంట్ పరిమితి, ఒక్కో జబ్బుకు పెట్టిన సబ్ లిమిట్, ప్రతి బిల్లులో మీ వాటాగా కట్టాల్సిన కో-పే, ఇవి ఎవరూ చదవరు. నా మటుకు నేను రూమ్ రెంట్ పరిమితి లేని 5 లక్షల పాలసీ, 1 శాతం పరిమితి ఉన్న 10 లక్షల పాలసీ కంటే మేలంటాను, ప్రీమియం కాస్త ఎక్కువైనా సరే. పెద్ద మొత్తం కావాలంటే దాని మీద సూపర్ టాపప్ వేసుకోవచ్చు. ముందుగా ఇంత ఖర్చు మనం గానీ బేస్ పాలసీ గానీ భరిస్తే, ఆ పైది అది చూసుకుంటుంది కాబట్టి చవకగా వస్తుంది.

ప్రీమియం సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. మంచిదే. కానీ కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టిన పన్నును ఇదివరకులా సర్దుబాటు చేసుకునే వీలు కూడా దాంతోపాటే పోయింది, కాబట్టి తగ్గిన 18 శాతం శాశ్వతంగా మన జేబులోనే ఉంటుందని నేనైతే నమ్మను. అరవై దాటినవాళ్లకి మాత్రం ఒక ఊరట ఉంది. వాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది.

ఇంకో ముచ్చట. "షుగర్ ఉందని రాయకండి సర్, ప్రీమియం పెరుగుతుంది" అని సలహా ఇచ్చే ఏజెంట్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వినకండి. చెబితే పోయేది కాస్త ప్రీమియం, మహా అయితే మూడేళ్ల నిరీక్షణ. పాత జబ్బులకి అంతకు మించి వెయిటింగ్ పీరియడ్ పెట్టకూడదని 2024లో మార్చారు. దాస్తే ఐదేళ్లు నిండేలోపు ఏ క్లెయిమ్‌కైనా కంపెనీ పాత రిపోర్టులు తవ్వి మొత్తం కొట్టేయగలదు. అప్పుడు ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

ఇక ఏ పాలసీ లేనివాళ్లు. మన రెండు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలకి పాలసీ అంటే ఆరోగ్యశ్రీయే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 5 నుంచి 10 లక్షలకి పెంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలు చేశారు, ఇప్పుడక్కడ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. వినడానికి బావుంది. కానీ ఇక్కడా అంకె మాయే. ఆసుపత్రికి కావాల్సింది 25 లక్షల హామీ కాదు, చేసిన ఆపరేషన్‌కి ప్రభుత్వం కట్టే, ఖర్చుకి సరిపోయే ప్యాకేజీ రేటు, అదీ సకాలంలో. బకాయిలు పేరుకుపోయాయని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. పరిమితి పెంచడానికి ఒక ప్రకటన చాలు, బకాయి తీర్చడానికి డబ్బు కావాలి. రెండోది హెడ్‌లైన్‌లో రాదు.

మా వీధిలో ఇస్త్రీ బండి ఆయనకి హెర్నియా. సరిగ్గా ఆ సమ్మె రోజుల్లోనే నొప్పి ఎక్కువైంది. కార్డు పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఆరోగ్యశ్రీ డెస్క్ మీద తెల్ల కాగితం అంటించి ఉంది, సేవలు లేవని. కుర్చీలో పథకం రోగులకి దారి చూపే ఆరోగ్యమిత్ర లేడు. పక్క కౌంటర్ వాళ్లు 40 వేలు డిపాజిట్ కడితే చేర్చుకుంటామన్నారు. ఆయన భార్య చేతి గాజులు తీసి కొంగుకి కట్టుకుని నా దగ్గరికి వచ్చింది, తాకట్టు కొట్టు ఎన్నింటికి తీస్తారని అడగడానికి.

"అమ్మా, ఆ గాజులు ముందు వేసుకోండి" అన్నాను. ఆయన్ని కూర్చోబెట్టి మూడు ఫోన్లు చేశాం. ప్రైవేటు కార్పొరేట్ ఒకటి, మామూలు నర్సింగ్ హోమ్ ఒకటి, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో తెలిసిన వార్డు బాయ్ ఒకడు. "మెష్ (లోపల వేసే వల)తో హెర్నియా ఆపరేషన్, జనరల్ వార్డు, మెష్ ఖరీదు, మందులు అన్నీ కలిపి ప్యాకేజీ ఎంత" అని అదే ప్రశ్న అందరినీ అడిగాను. మొదటి రెండు చోట్లా అంకెలు ఒకదానికొకటి రెట్టింపు తేడా ఉన్నాయి. పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కి డబ్బు అక్కర్లేదు గానీ రెండు మూడు వారాలు ఆగాలి. నొప్పి మెలిపెట్టి వాంతులైతే మాత్రం ఎదురు చూడకుండా క్యాజువాలిటీకి రమ్మన్నారు.

పాలసీ లేనివాడికి ఉన్న ఒకే ఒక్క బలం ఇదే, చేరకముందు రేటు అడగడం. చేరాక బేరం ఉండదు. నర్సింగ్ హోమ్ వాళ్లని కాస్త బతిమాలితే తగ్గిస్తారు కూడా, ఇన్సూరెన్స్ కంపెనీలకి ఇచ్చే రేటే మాకూ ఇవ్వమని అడగడంలో తప్పేం లేదు. తెలంగాణలోనైతే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో చికిత్సకి ముందే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్ఓసీ, అంటే ఇంత వరకు ఖర్చు మేం కడతామనే హామీ పత్రం తెచ్చుకోవచ్చు, ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరగడం తప్పదు. నెలకు 21 వేల లోపు జీతం వచ్చే చోట పని చేస్తుంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉందో లేదో పేస్లిప్ చూసుకోండి, జీతంలోంచి కోత పడుతున్నా కార్డు తీసుకోనివాళ్లు నాకే నలుగురు తెలుసు. ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వరకు ఇచ్చే కేంద్రం వారి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, మీ జిల్లాలో ఏ ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. రోడ్డు ప్రమాదమైతే ఏడు రోజుల లోపు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం అనే పథకం 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది.

ఇస్త్రీ ఆయన మూడు వారాలు బరువైన పెట్టె ఎత్తకుండా, కొడుకు చేత బండి లాగించి నెట్టుకొచ్చాడు. ఆపరేషన్ పెద్దాసుపత్రిలోనే అయింది. బయట కొన్న మందులు, ఆటోలు, భోజనాలు కలిపి నాలుగు వేల చిల్లర అయ్యాయి. 86 వేలు కట్టిన మా నాన్న ఆ సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాలసీ కాగితాలు తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, రూమ్ రెంట్ అన్న చోట పెన్సిల్‌తో గీత గీశారు. రెన్యువల్‌కి ఇంకా రెండు నెలల పైనే ఉంది, వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే 45 రోజుల ముందే అప్లై చేయాలి.