ఫార్మాట్ తేలేదాకా సీడీని ముట్టరాదు

సీడీల్లోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలని మన విశాఖపట్నంలో కొందరు ఉబలాటపడుతున్నారు. ఆ ఉబలాటాన్ని తప్పుపట్టను గానీ, ఏ ఫార్మాట్‌లో ఎక్కించాలన్నది శాశ్వతంగా తేలకముందే డ్రైవ్‌లో డిస్కు పెట్టేయడం మాత్రం సంగీతం పట్ల భక్తి ఉన్నవారు చేయదగిన పని కాదు. మా మిత్రబృందం ఈ విషయాన్ని ఏళ్ల తరబడి చర్చిస్తూనే ఉంది. ఇంతవరకు ఒక్క డిస్కునైనా తొందరపడి ఎక్కించిన పాపాన పోలేదు.

ముందుగా ఫ్లాక్ సంగతి; పాటను ఫైల్‌గా దాచే ఫార్మాట్లలో అదొకటి. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, ఒక్కొక్కసారి 16 బిట్ల చొప్పున, రెండు ఛానళ్లలో కొలిచి రాస్తారు. ఆ లెక్కన గంటసేపు పాటలకు సుమారు 635 మెగాబైట్లు అవుతాయి. ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్టు కూడా పోకుండా ఇంచుమించు సగానికి కుదిస్తుంది; 2001 నుంచి ఉచితంగా దొరుకుతోంది; గాయకుడి పేరు, రాగం పేరు, అట్టబొమ్మ కూడా ఫైల్‌లోనే దాచుకుంటుంది. ఇంత నిర్దోషమైన వస్తువును చూస్తే ఎవరికైనా అనుమానం రావలసిందే. పాత సినిమా పాటలు మోనోవి కనుక, కుడికీ ఎడమకీ సీడీలో అచ్చంగా ఒకే ధ్వని ఉంటే, ఫ్లాక్ ఆ సంగతి పసిగట్టి దాదాపు ఒక్కసారే రాసుకుంటుంది. ఒకే దరఖాస్తును మూడు ప్రతుల్లో సమర్పించి పెరిగిన మాబోటివారికి ఈ పొదుపు మింగుడుపడదు. యాపిల్ వారి ఏఎల్ఏసీ అనే ఫార్మాట్ చేసేదీ ఇదే పని. అందువల్లే రెండు పక్షాల వారికీ మాటల్లేవు.

ఎంపీ3 పక్షం వారి వాదన వేరు. మన చెవి ఎలాగూ పట్టించుకోని ధ్వనులను తీసేసి మిగిలినవే దాచడం ఆ ఫార్మాట్ సిద్ధాంతం. సెకనుకు 320 కిలోబిట్ల దగ్గర చాలామంది తేడా కనిపెట్టలేరన్నది కూడా నిజమే. 2017లో పేటెంట్ల గొడవ కూడా తీరిపోయింది. అయితే వీరిలోనే మరొక శాఖ ఉంది. ఫుట్‌పాత్ మీద కొన్న, నూట యాభై పాటలు కుక్కిన ఎంపీ3 డిస్కును ఫ్లాక్‌లోకి మార్చి, ఫైల్ ఎంత లావెక్కిందో చూసి మురిసిపోయే శాఖ అది. నీళ్లు కలిపిన పాలను వెండి గ్లాసులో పోసినంత మాత్రాన అవి చిక్కబడవని చెప్పబోతే, గ్లాసు బరువు చూడమంటారు.

ద్వారకానగర్‌లో ఉండే మా బృందపు పెద్దాయన ఈ రెంటినీ అంగీకరించరు. సీడీ పాటను 192 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 1,92,000 కొలతలకు పెంచి దాచాలన్నది ఆయన పట్టుదల. సీడీలో 22,050 హెర్ట్జ్‌కు పైన ఏ ధ్వనీ ఉండదు, మనిషి చెవి 20,000 దాటి వినదు, వయసు పైబడ్డాక అంతవరకు కూడా వినదు. ఈ మూడు అడ్డంకులనూ ఆయన హార్డ్‌డిస్కు సైజుతోనే జయించదలచారు. వినే సాధనం మాత్రం సాయంత్రంపూట ఆర్‌కే బీచ్ గోడ మీద పెట్టుకునే చిన్న బ్లూటూత్ స్పీకర్. ఎంత స్వచ్ఛమైన ఫైలైనా ఆ గాలిదారిలో మళ్లీ కుదింపుకు గురై, కొంత పోగొట్టుకునే స్పీకర్‌కు చేరుతుంది. పోగా మిగిలిన దానిలో సగం కెరటాలవాటా, సగం పల్లీలవాడి కేకలవాటా.

ఇటువంటి గంభీరమైన వాతావరణంలో, ఎంవీపీ కాలనీలో ఉంటున్న మా మేనకోడలు దసరా సెలవుల్లో తన సీడీలన్నిటినీ ఫ్లాక్‌లోకి ఎక్కించేసింది. "అసలు ప్రతి చెక్కుచెదరకుండా ఉంటే చాలు మావయ్యా, ఫోన్‌కు కావలసిన ఎంపీ3నో ఏఏసీనో అందులోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు. రేపు కొత్త ఫార్మాట్ వచ్చినా అంతే" అంది. ఇలా మాట్లాడితే ఇక చర్చకు చోటెక్కడిది? పైగా, తన డిస్కు నుంచి వచ్చిన ఫలితాన్ని అదే డిస్కును చదివిన ఇతరుల ఫలితాలతో సరిపోల్చి తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా వాడిందట. మా బృందంలో ఒకరి ఫలితాన్ని మరొకరు నమ్మే ఆచారం లేదు.

తొందరపెట్టేవారు సముద్రపు గాలిని కూడా సాక్ష్యానికి పిలుస్తుంటారు. సీడీకి ప్రాణం మెరిసే అడుగువైపే ఉందని అందరూ దాన్నే తుడుస్తారు గానీ, అక్కడున్నది ఇంచుమించు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్. పాటను మోసే అల్యూమినియం పొర ఉండేది పైవైపున, లేబుల్ కిందనే, పలుచని పూత చాటున. ఆ పూత ఎక్కడైనా దెబ్బతింటే తేమ చేరి అల్యూమినియం పాడవుతుంది. సీతమ్మధారలో మా సభ్యుడొకరు తన వీణ కచేరీ సీడీని ట్యూబ్‌లైటుకు అడ్డంగా పెట్టి చూపించారు. అంచు పొడవునా సూదితో పొడిచినట్టు వెలుతురు చుక్కలు కనిపించాయి. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు కనుక అంచున ఉండేవి చివరి పాటలు. ప్లేయర్‌లో పెడితే, చివరి రెండు కీర్తనల దగ్గర టకటకమని కొట్టుకుని ఆగిపోయింది.

ఆ సాయంత్రమే సమావేశమయ్యాం. సీడీలోని మిగతా కీర్తనల విషయంలో ఫ్లాక్ వారు, ఎంపీ3 వారు, 192 వారు ఎవరి పట్టు వారు వదల్లేదు. ఆ చివరి రెండింటినీ ఏ ఫార్మాట్‌లో దాచాలన్న దాని మీద మాత్రం, మా బృందం చరిత్రలో మొదటిసారిగా, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.