షోకేసులో కొలువుతీరిన చిన్న పోర్ట్ గ్లాసు గారికి

మహారాజశ్రీ చిన్న పోర్ట్ గ్లాసు గారికి,

ఉభయకుశలోపరి. బంజారాహిల్స్ మొదలుకొని కొండాపూర్ దాకా ఏ డూప్లెక్స్‌లో చూసినా, పోర్ట్ అనే పోర్చుగల్ తీపి వైన్ పోసే తమరే. షోకేసు పై అరలో, బంగారు అంచుతో, అయిదుగురు తమ్ముళ్లతో సహా. కింది అరలో పిల్లాడి అబాకస్ షీల్డు. అతిథి రాగానే తాళం తీస్తారు, తమరు దిగివస్తారు.

మా బావ తమని నింపే పద్ధతి గురించే ఈ లేఖ. ఇంకో చుక్క వేస్తే ఒలికిపోయేలా అంచు దాకా పోస్తాడు. ఎత్తితే చొక్కా పాడవుతుంది కాబట్టి అతిథే వంగి, మూతి టీపాయ్ దాకా తెచ్చి జుర్రుకోవాలి. పోర్చుగల్‌లోని డూరో లోయ కొండల మీద మెట్లు కట్టి ద్రాక్ష పండించినవాళ్లు, ఆ వైన్‌ని ఇరవయ్యేళ్లు చెక్క పీపాల్లో కాపాడినవాళ్లు ఈ దృశ్యం చూడకపోవడమే మంచిది.

తమ తరఫు వాదన తెలుసు. పోర్ట్ ఘాటు సరుకట, అందుకని తమరు చిన్నవారట. ఘాటు నిజమే. ద్రాక్షరసం పులుస్తుండగానే 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష సారాయి కలుపుతారు. దాంతో ఈస్టు పని ముగుస్తుంది, తీపి అలాగే మిగిలిపోతుంది, ఆల్కహాలు 20 శాతం దగ్గర తేలుతుంది. కాబట్టి కొంచెమే తాగాలి, ఒప్పుకున్నాం. కొంచెం తాగడానికి గ్లాసు కూడా కొంచెమే ఉండాలని ఎవరన్నారు? పెద్ద కంచంలో గుప్పెడన్నం పెట్టుకోవడం మనకి చేతకాదా?

పోర్ట్‌లో సగం మజా వాసనది. రూబీ రకంలో చెర్రీ, నల్లద్రాక్ష. పీపాలో ముదిరిన టానీ రకంలో అక్రోటు, అంజీర్, మాడీ మాడని పంచదార. ఆ వాసన నిలవాలంటే వైన్ పైన ఖాళీ ఉండాలి, చెదిరిపోకుండా అంచు కాస్త లోపలికి ముడుచుకోవాలి. తమకి ఆ రెండూ లేవు. ముక్కు పెట్టి చూద్దామంటే పట్టదు, అందులోనూ మా బావ ముక్కు.

పోర్చుగల్‌లో పోర్ట్ వ్యవహారాలు చూసే సంస్థ పోర్ట్‌కి ఓ అధికారిక గ్లాసు గీసిపెట్టమని ఆల్వరో సీజాని అడిగింది. 1992లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఆర్కిటెక్టు ఆయన. కాడ మీద బొటనవేలు ఆనడానికి ఓ నొక్కు కూడా పెట్టారు. మా ఊళ్లో ఫ్లైఓవర్‌కి కూడా ఇంత ఆలోచించరు.

అదే కొనమని బావకి చెప్పడం లేదు, ఇంకో షోకేసు చేయిస్తాడని భయం. మామూలు వైట్ వైన్ గ్లాసు చాలు. వైన్ రుచి చూసేవాళ్ల కోసం 1977లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఖరారు చేసిన గ్లాసుంది, 215 మిల్లీలీటర్లది, అదైనా సరే. అందులో 60 మిల్లీలీటర్లు, అంటే మన లెక్కలో ఒక లార్జ్, పోస్తే మూడో వంతు కూడా నిండదు. ఆ ఖాళీ చూసి ‘పిసినారి’ అనుకుంటారేమో అన్నదే బావ టెన్షన్. ఇంకో మాట, మే నెల హైదరాబాద్‌లో ‘రూమ్ టెంపరేచర్’ అన్న మాట నమ్మకూడదు. సీసా కాసేపు ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. తమలో పోసిన గుక్కెడు మాత్రం చేతి వేడికే చారు అయిపోతుంది.

చెప్పకూడదు గానీ, పర్మిట్ రూములో ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసులో కూడా వైన్‌కి తమకన్నా ఎక్కువ చోటుంది. ప్లాస్టిక్ వాసన వస్తుంది, నిజమే. ఏదో ఒక వాసన వస్తుంది కదా!

తమని రోడ్డున పడేయం. అక్కతో మాట్లాడి ఉద్యోగం ఖాయం చేశాను. జిందా తిలిస్మాత్ నాలుగు చుక్కలు వేసి, వేణ్ణీళ్లు కలిపి గుక్కలో మింగడానికి తమ కొలత అతికినట్టు సరిపోతుంది. తమ్ముళ్లని కూడా వెంటబెట్టుకు రండి, వానాకాలం మొదలైతే ఇంట్లో అందరికీ జలుబే.

ఇట్లు,
తమలో ముక్కు పట్టని ఓ అతిథి