పొద్దున్నే పడే "చరిత్రలో ఈరోజు" జాబితా మీద నా గోడు

టీ చేతికి రాకముందే గ్రూపులో పడుతుంది. పైన ఉదయించే సూర్యుడు, కింద రెండు గులాబీలు, మధ్యలో "చరిత్రలో ఈరోజు" అని ఇరవై లైన్లు. ఒంగోలులో ప్రార్థన వేళ పిల్లాడి చేత చదివించేదీ అదే, నెల్లూరులో ఆఫీసు గ్రూపులో ఫార్వర్డ్ అయ్యేదీ అదే. ఆ ఇరవైలో మన రెండు జిల్లాలకు సంబంధించింది ఒక్కటుంటే గొప్ప. ఉన్నా, దాంట్లో తేదీయో ఏడాదో ఊరో ఏదో ఒకటి తప్పు. ఏందబ్బయా ఇది? అచ్చు పుస్తకాలు దొరకని కాలం కాదే!

ఫిబ్రవరి 12న లింకన్, డార్విన్ ఒకే రోజు పుట్టారని (1809) ప్రతి జాబితా ఆశ్చర్యపోతుంది. సరే, నిజమే. మరి ఆగస్టు 23 సంగతి? 1872లో ఆ రోజున వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టారు. 2023లో అదే తేదీన సాయంత్రం ఆరు దాటగానే చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ రాకెట్ ఎగిరింది శ్రీహరికోట నుంచి, జులై 14న. ఇంత దగ్గరి జోడీని వదిలేసి పరాయి జోడీలకు గులాబీలు పెడుతున్నాం.

అయితే "విధి ఆడిన వింత" అని దీనికి తోక తగిలించొద్దు. ల్యాండర్, రోవర్ నడిచేది సూర్యరశ్మి మీద. దిగే చోట తెల్లారితే మన లెక్కలో పద్నాలుగు రోజులపాటు అక్కడ పగలే. అందుకని అక్కడి తెల్లవారుజాము చూసుకుని తేదీ పెట్టారు. పంతులు గారి జయంతి ఇస్రో లెక్కలో లేదు.

ఒకే తేదీ మీద రెండు సంగతులు పడితే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది కాకతాళీయమా, కావాలని పెట్టిందా? అక్టోబర్ 1 చూడండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పాటు, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం. మూడూ మనకు సంబంధించినవే. సారా పోరు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచే రాజుకుంది గదా. కానీ సర్కారు పనులు ఒకటో తారీఖున మొదలవడం మామూలే, కాబట్టి ఒకటో తారీఖుల మీద జోడీలు ఎక్కువ పడతాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌తో పాటు కేరళ కూడా ఏర్పడింది, కారణం రాష్ట్రాలను తిరిగి విభజించిన ఒకటే చట్టం. దాన్ని వింత అంటే నవ్వొస్తుంది.

పుట్టినరోజుల లెక్క ఇంకా సులువు. 23 మంది ఉన్న గదిలో ఏదో ఇద్దరిది ఒకే తేదీ అయ్యే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. 57 మంది ఉంటే నూటికి 99. అదే "నా తేదీనే పుట్టినవాడు ఉన్నాడా" అని వెతికితే సగం అవకాశానికే 253 మంది కావాలి. మొదటిదాంట్లో ప్రతి ఇద్దరినీ పోలుస్తాం, రెండోదాంట్లో ఒక్కడితోనే అందర్నీ పోలుస్తాం, అదీ తేడా. పైగా మన పెద్దల్లో చాలామంది బడి రికార్డు తేదీ బడిలో వేసినదే, జూన్ 1 అనో జులై 1 అనో. అసలు పుట్టింది ఏ తుపానుకో ఏ సంక్రాంతికో. అందుకే రికార్డు తేదీకీ ఇంట్లో చెప్పే తేదీకీ తేడా వస్తే రెండూ రాయండి.

ఇక కలిసిన తేదీల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలేది సెప్టెంబర్ 25. 1920లో ఆ రోజు శ్రీనగర్‌లో, తర్వాత ఇస్రోను నడిపిన సతీశ్ ధవన్ పుట్టారు. శ్రీహరికోట కేంద్రానికి 2002 సెప్టెంబర్ 5 నుంచి ఆయన పేరే. సరిగ్గా నూరేళ్లు నిండిన రోజున, 2020 సెప్టెంబర్ 25న, నెల్లూరు తన బిడ్డ అనుకునే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశారు. ఇది అచ్చమైన కాకతాళీయం. దీన్ని ఒక్క ఫార్వర్డ్‌లోనూ రాయరు, ఎందుకంటే ఆ జాబితాలు కట్టేవాళ్లకు శ్రీహరికోట యాడుందో తెలియదు.

మే 7 కూడా అంతే. రవీంద్రనాథ్ టాగూరు (1861), సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆచార్య ఆత్రేయ (1921). ఇద్దరూ పాటలు రాసినవాళ్లే. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. బెంగాలీలు టాగూరు పుట్టినరోజు చేసేది వాళ్ల బైశాఖ్ 25న, అది చాలా ఏళ్లు మే 8నో 9నో వస్తుంది. మనకూ ఇదే తంటా: త్యాగరాజ స్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న, ఆరాధన మాత్రం పుష్య బహుళ పంచమి నాడు. తిథి ప్రకారం చేసేదాన్ని ఇంగ్లిష్ తేదీ కింద ఇరికిస్తే ఏటా తప్పే. అలాంటప్పుడు తేదీ పక్కన తిథి రాయాలి.

పాత తేదీలైతే ఇంకో గొయ్యి. ఏప్రిల్ 23ను ప్రపంచ పుస్తక దినం చేసుకుంటూ, 1616లో షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఒకే రోజు పోయారంటారు. అప్పటికే స్పెయిన్ కొత్త క్యాలెండర్లో ఉంది, ఇంగ్లండ్ పాతదాంట్లో, మధ్యలో పది రోజులు తేడా. కాగితాల్లో తేదీ ఒకటే, రోజు వేరు. ఇంగ్లండ్ 1752లో మారింది, సెప్టెంబర్ 2 మర్నాడు 14 అయింది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు కాగితాల్లో అంతకుముందు తేదీ కనిపిస్తే ఏ క్యాలెండరో చూసుకోకుండా ఎత్తిరాయొద్దు. మన శాసనాల్లో శక సంవత్సరం ఉంటే 78 కలపాలి. నెల పుష్యమో మాఘమో ఫాల్గుణమో అయి, ఇంగ్లిష్ ఏడాది జనవరి దాటిపోయి ఉంటే 79.

గంటలు కూడా చూడాలి. అపోలో-11 చంద్రుడి మీద దిగింది జులై 20 అని అమెరికా లెక్క. మన గడియారంలో అది జులై 21 తెల్లవారుజాము 1:47.

జిల్లా పేర్ల దగ్గర మనోళ్లే మనల్ని ముంచుతారు. ప్రకాశం పంతులు "ప్రకాశం జిల్లాలో జన్మించారు" అని రాస్తారు. ఆయన పుట్టినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది, 1904లో గుంటూరులోకి పోయింది, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా అయింది, 1972 డిసెంబర్ 5న, అంటే ఆయన శతజయంతి ఏటనే, ప్రకాశం జిల్లా అయింది. ఫిబ్రవరి 2నీ డిసెంబర్ 5నీ కలిపేసి "1972లో జిల్లా ఏర్పడింది" అనేవాళ్లకు లెక్కే లేదు. శ్రీహరికోట కూడా 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాస్తే ఏ గొడవా లేదు.

జయంతి, వర్ధంతి తారుమారు చేయడం మామూలైపోయింది. బతికున్నవాళ్లకు "జయంతి శుభాకాంక్షలు" పెట్టేవాళ్లను ఏమనాలో తెలియదు. ఎన్నో జయంతి అన్నదానికి ఒకటే సూత్రం: ఈ ఏడాదిలోంచి పుట్టిన ఏడాది తీసేయండి, వచ్చేది నిండిన ఏళ్లు. ఆ తర్వాత మళ్లీ ఒకటి కలపొద్దు. ఉపవాస దినాలకు మాత్రం కలపాలి, మొదటి రోజూ లెక్కలోకే వస్తుంది కాబట్టి. పొట్టి శ్రీరాములు దీక్ష 1952 అక్టోబర్ 19 నుంచి డిసెంబర్ 15 దాకా: అక్టోబర్లో 13, నవంబర్లో 30, డిసెంబర్లో 15, మొత్తం 58. కొన్ని చోట్ల 57 అని కనిపించేది ఈ లెక్క తెలియకే.

పాత పేపర్ చూసి రాసేవాళ్లు పైన ఉన్న తేదీ తీసుకుంటారు. సంగతి జరిగింది ముందురోజు! వార్త మొదట్లో ఊరి పేరు పక్కనుండే తేదీ తీసుకోవాలి. వారం పేరు ఉంటే అదీ సరిపోల్చండి. 1952 క్యాలెండర్, 1980ది, 2008ది ఒకటే. ఫోన్లో 2008 డిసెంబర్ తెరిస్తే 15 సోమవారం, 1952లోనూ సోమవారమే. ఆధారం రెండు చోట్ల దొరకాలి, కానీ రెండోది మొదటిదాని నకలైతే అది ఒకటి కిందే లెక్క.

బడిలో రోజూ రాసే బోర్డు మీద ఆరు లైన్లు చాలు, అందులో రెండు ఇక్కడివి. మే 1న కార్మిక దినంతో పాటు 1913లో అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఉండాలి. ఏప్రిల్ 7న 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం ఉండాలి. చేదువీ ఉండాలి. 1985 జులై 17 కారంచేడు దళితుల ఊచకోత, అప్పుడు ప్రకాశం జిల్లా. 2004 డిసెంబర్ 26 సునామీ. గులాబీల పక్కన బాగుండవని కారంచేడును వదిలేసే జాబితాను నేను నమ్మను.

డిసెంబర్ 15కి బోర్డు ఇలా రాయొచ్చు. 1933: బాపు జననం, నరసాపురం. 1950: వల్లభ్‌భాయ్ పటేల్ మరణం, బొంబాయి. 1952: పొట్టి శ్రీరాములు మరణం, మద్రాసు, పూర్వీకులది కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. ఆయన పోయింది ఆ రాత్రి పొద్దుపోయాక, అందుకే కొన్ని జాబితాల్లో 16 పడుతోంది. చదివే పిల్లాడికి "డిసెంబర్ 15 రాత్రి" అని రాసివ్వండి.