ముసుగు తీయని హీరో దొరుకుతాడా?

ముసుగు వీరుడు ఫాంటమ్ బొమ్మల కథను తెలుగులో సినిమాగా తీస్తే హీరోగా ఎవరు బాగుంటారన్న దాని చుట్టూనే ఈమధ్య చదివిన ఒక వ్యాసమంతా నడిచింది. నా బెంగంతా ఆ కళ్ల గురించే. 1936లో లీ ఫాక్ మొదలుపెట్టిన ఆ బొమ్మల కథలో ముసుగు వెనక కనుపాపలు కనిపించవు, రెండు తెల్లటి ఖాళీలు తప్ప. భయం పుట్టించేది అదే. 1996 నాటి హాలీవుడ్ చిత్రంలో ఫాంటమ్‌గా వేసిన బిల్లీ జేన్ కళ్లు చక్కగా కనిపించాయి, సగం ఫాంటమ్ అక్కడే పోయాడు. ఇక మన అగ్రహీరో కళ్లు దాచుకుని రెండున్నర గంటలు నటిస్తాడా? విశ్రాంతిలోపే ముసుగు ఊడబెరికి పాట పెట్టేస్తారు.

చిత్రీకరణకు మాత్రం మా విశాఖ చుట్టుపక్కల దాటి వెళ్లనక్కరలేదు. కథ ప్రకారం సముద్రపు దొంగలు తండ్రిని చంపేస్తే, 1536లో ఒంటరిగా ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడే తొలి ఫాంటమ్. ఆ దృశ్యానికి యారాడ తీరం చాలు: మూడు వైపులా కొండలు, నాలుగో వైపు అలలు. ఫాంటమ్ ఉండే కపాల గుహకు బొర్రా ఉండనే ఉంది, పైకప్పు నుంచి సున్నపురాయి ఊడలు వేలాడుతుంటే సెట్టు ఎందుకు? (మే నెల ఉక్కలో ఆ బిగుతైన ఊదా దుస్తులు వేసుకునేవాడి మీద జాలిపడాల్సిందే.)

దర్శకులెవరైనా చదువుతుంటే ఒక్క మనవి. తండ్రి పోతే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడన్న రహస్యాన్ని దయచేసి ట్రైలర్‌లోనే చెప్పేయకండి.