రోజూ పొద్దున ఎఫ్1

కడపలో కంప్యూటర్ సపోర్ట్ పని చేసేటోడికి మే నెలలో ఫోన్ వచ్చిందంటే ఎండ కంటే ముందు తగిలే మాట ఒకటుంది, "నువ్వు చూసిపోయినప్పటి నుంచే అబ్బీ ఇట్లయ్యింది" అని. మనం పోయింది మౌస్ మార్చనీకి, అదీ సంక్రాంతప్పుడు. అయినా సరే, మిషన్ మీద చివర చెయ్యి పెట్టినోడే ముద్దాయి.

ఈసారి పిలిచింది ఏడు రోడ్ల దగ్గర బోరు మోటర్ల షాపు అన్న. జీఎస్టీ సైట్ రాదు, జీమెయిల్ రాదు, ఏది నొక్కినా కనెక్షన్ సేఫ్ కాదంటాదంట, ఎవడో హ్యాక్ చేసినాడు, ఎదురు షాపోడే అయ్యుంటాడు అని నేను పోయేలోపల తీర్పు కూడా అయిపోయింది. అక్కడ ఒక రైతు బిల్లు పట్టుకుని గలాటా చేస్తాండాడు. పోయిన వారం కొన్న మోటరు కాలిపోతే సర్వీసోళ్లు బిల్లు చూసి, వారెంటీ ఎప్పుడో అయిపోయింది పో అన్నారంట. తేదీ చూస్తే 01-01-2015. కింద సీజీఎస్టీ ఇంత, ఎస్‌జీఎస్టీ ఇంత అని లెక్క. జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న, మా అన్న రెండున్నరేండ్లు ముందే వసూలు మొదలుపెట్టినాడు!

"పొద్దున ఆన్ చేస్తే ఏమన్నా వస్తాందా అన్నా?"

"ఏముంది, ఎఫ్1 నొక్కమంటాది, నొక్కుతాం. దాని అలవాటది."

దసరాకి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు అట్లనే ఉన్నాయి, వాటికి తగలకుండా క్యాబినెట్ విప్పితే లోపల ఊదుబత్తి బూడిద, దానికింద బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు. కరెంట్ లేనప్పుడు తేదీ, టైమ్ గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చి చానా రోజులైంది, రోజూ పొద్దున ఎఫ్1 అడిగేది అందుకే. అన్నేమో కరెంట్ మిగుల్తాదని రాత్రి మెయిన్ ఆపేసి పోతాడు, పొద్దునకి కంప్యూటర్ 2015లో లేస్తాది. ఇది అసలు సైటే అని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్లు సైట్లకి ఉంటాయి, వాటికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటాది, 2015 నుంచి చూస్తే అవింకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఎట్ల నమ్ముతాది? ఇన్నాళ్లు రోజూ తేదీ మార్చిన పిల్లోడు పోయిన నెల పని మానేసినాడంట. జీతం పెంచమని అడిగినాడంటలే, అది వేరే కథ.

సెల్లు పీకి చేతిలో పెడితే అన్న కళ్లద్దాలు పైకెత్తి చూసి, "సీఆర్2032 అని రాసినారే, 2032 దాకా రావాల కదా, అప్పుడే ఎట్ల పోతాది?" అన్నాడు. అన్నా అది సైజు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం అని చెప్పినా. నమ్మలేదు, కంపెనీ మోసం అన్నాడు.

కొత్తది వేసి తేదీ పెడితే సైట్లన్నీ వచ్చినాయి. రైతుకి కొత్త బిల్లు కొట్టిచ్చినారు. నా విజిటింగ్ ఛార్జి దగ్గర బేరం నడుస్తాంటే అన్నకి ఏదో తట్టింది, గొంతు తగ్గించి అడిగినాడు:

"అబ్బీ, 2015లో జీఎస్టీ లేదంటివి కదా, అయితే ఆ బిల్లులకి ట్యాక్స్ కట్టాల్నా?"