శిఖరంపై జెండా, కనుమలో శవం

2006 సెప్టెంబరు 30 ఉదయం, నేపాల్-టిబెట్ సరిహద్దులోని నాంగ్పా లా కనుమ కింద, చో ఓయు శిఖరం ఎక్కడానికి వచ్చిన పలు దేశాల పర్వతారోహకులు తమ గుడారాల ముందు నిలబడి ఒక హత్యను చూశారు. పిల్లలు, బౌద్ధ సన్యాసినులు సహా సుమారు 75 మంది టిబెటన్లు మంచులో బారులు తీరి నేపాల్ వైపు నడుస్తుండగా చైనా సరిహద్దు దళాలు వారిపై కాల్పులు జరిపాయి. 17 ఏళ్ల సన్యాసిని కెల్సాంగ్ నామ్‌త్సో ఆ మంచులోనే కూలిపోయింది. ఆ తర్వాత, పట్టుబడిన పిల్లలను సైనికులు అదే శిబిరం పక్కనుంచి నడిపించుకుపోయారు. గుడారాల్లో స్టవ్‌ల మీద టీ నీళ్లు మరుగుతూనే ఉండి ఉంటాయి.

ఈ ఘటనలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది తుపాకులు పేల్చిన సైనికులకన్నా, చూసి ఊరుకున్న సాహసికులే. వచ్చే సీజన్‌లో మళ్లీ పర్మిట్ ఇవ్వాల్సింది చైనా ప్రభుత్వమే కాబట్టి యాత్రా సంస్థలకు చెందిన కొందరు గైడ్లు మాట్లాడకపోవడమే మంచిదనుకున్నారు, మరికొందరు శిఖరం మీదనే చూపు నిలిపారు. సైనికులు ఆత్మరక్షణ కోసమే కాల్చారని చైనా అధికార వార్తాసంస్థ షిన్‌హువా ప్రకటించింది. రుమేనియా టీవీ కెమెరామన్ సెర్జియు మాతేయి ఆ శిబిరంలో ఉండి చిత్రీకరించిన దృశ్యాలు బయటికి రాకపోయి ఉంటే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. ఆ దృశ్యాల్లో కనిపించింది ఎవరిమీదా దాడి చేస్తున్న గుంపు కాదు, వెన్ను చూపి మంచులో నడుస్తున్న మనుషుల వరుస. మరుగుదొడ్డి గుడారంలో దాక్కున్న ఒక టిబెటన్‌కు సాయం చేసినవాడు కూడా మాతేయే.

సంఘర్షణ ప్రాంతాల్లోని కొండలు ఎవరూ ఎక్కకూడదని నేను వాదించడం లేదు. ఎక్కేవాడు అక్కడ అడుగుపెట్టిన క్షణమే సాక్షి అవుతాడని, సాక్ష్యం చెప్పే బాధ్యత పర్మిట్‌తోపాటే అతనికి సంక్రమిస్తుందని మాత్రమే అంటున్నాను.

దీనికి ఎదురు వాదన ఉంది. పర్వతారోహకుడు రాయబారి కాదని, అతను నోరు విప్పితే విమానమెక్కి వెళ్లిపోతాడు గానీ వెనక మిగిలే షెర్పాలు, వంటవాళ్లు, కూలీలు ఉపాధి పోగొట్టుకుంటారని, కొండకు రాజకీయాలు అంటగట్టడం తగదని అంటారు. ఉపాధి గురించిన మాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ కొండకు రాజకీయాలు ఉండవన్న మాట సియాచిన్ చరిత్ర తెలిసిన భారతీయుడెవరూ నమ్మలేడు. 1970లలో పాకిస్తాన్ విదేశీ పర్వతారోహక బృందాలకు ఆ ప్రాంతంలోకి అనుమతులిస్తూ పోయింది. అనుమతి ఇచ్చే అధికారమే హక్కుకు రుజువుగా మారుతుందని మనవాళ్లు గ్రహించారు, 1978లో భారత సైన్యానికి చెందిన కర్నల్ నరేంద్ర కుమార్ బృందం ఆ ప్రాంతంలోని తేరమ్ కాంగ్రీ శిఖరానికి బయల్దేరింది. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ను స్వాధీనం చేసుకునేందుకు భారత సైన్యం చేపట్టిన ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. పర్మిట్ కాగితం మీద పడే ముద్ర ఎవరి ముద్ర అన్నదే అక్కడ యుద్ధానికి బీజం.

మీడియా విషయానికి వస్తే, సాహస కథనానికి ఒక పాత అలవాటు ఉంది: కొండను ఖాళీ చేసి, ఒక్క వీరుణ్ణి నిలబెట్టడం. 2000 ఆగస్టులో కిర్గిజ్‌స్తాన్‌లోని కారా-సు లోయలో నలుగురు అమెరికన్ యువ ఆరోహకులను ఉజ్బెక్ మిలిటెంట్లు బందీలుగా పట్టుకుంటే, ఆరు రోజుల తర్వాత వారు కాపలావాణ్ణి కొండ అంచు నుంచి తోసేసి తప్పించుకున్న ఘట్టం ప్రపంచమంతా మారుమోగింది. నిజంగా తోశారా లేదా అని కూడా పత్రికలు తర్జనభర్జన పడ్డాయి. వారితోపాటే బందీగా చిక్కి, మిలిటెంట్ల చేతిలో కాల్పులకు గురై చనిపోయిన కిర్గిజ్ సైనికుడు ఆ కథలో ఒక పక్క పాత్ర. 2013 జూన్‌లో పాకిస్తాన్ ఏలుబడిలోని నంగా పర్బత్ శిఖరం బేస్ క్యాంపుపై పారామిలటరీ యూనిఫాంలో వచ్చిన తాలిబన్ సాయుధులు 11 మందిని చంపారు, వారిలో పదిమంది విదేశీయులు, ఒకరు పాకిస్తానీ వంటవాడు అలీ హుస్సేన్. నేను చదివిన కథనాల్లో ఆయనకు దక్కింది ఒక వాక్యం. ఆ హత్యలపై దర్యాప్తు చేస్తున్న పోలీసు, సైనిక అధికారులు ముగ్గురిని అదే ఏడాది ఆగస్టులో అక్కడి చిలాస్ పట్టణంలో కాల్చి చంపితే సాహస పత్రికలకు అది వార్తే కాలేదు.

ఇతరుల సంగతి అటుంచి మన దగ్గరికి వద్దాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు ఉప్పొంగని తెలుగువాడు లేడు, ఆ సాహసానికి వంక పెట్టే అర్హత ఎవరికీ లేదు. నేపాల్‌లో 16 ఏళ్లలోపు వారికి అనుమతి లేదు కనుక ఆ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కిందని మన పత్రికలు రాశాయి గానీ, ఆ టిబెట్ ఎవరి ఆధీనంలో, ఎలా ఉందో చెప్పే పేరా నాకెక్కడా కనబడలేదు. ఆ పేరా రాయాల్సింది ఆ అమ్మాయి కాదు, పత్రికల్లో పనిచేసే మేము.

ఇప్పుడు ‘ఏడు ఖండాల ఏడు శిఖరాలు’ అన్న లెక్క మన జిల్లా పేజీల్లోకి కూడా వచ్చేసింది. ఆ జాబితాలో చాలామంది చేర్చుకునే 4,884 మీటర్ల కార్‌స్టెన్జ్ పిరమిడ్ ఇండోనేషియా ఏలుబడిలోని పాపువాలో ఉంది. 1969లో ఏరికూర్చిన వెయ్యి మందికి పైగా ప్రతినిధులతో ‘ఇష్టపూర్వక విలీనం’ జరిపించిన నేల అది, నేటికీ సాయుధ తిరుగుబాటు సాగుతోంది. 2023 ఫిబ్రవరిలో తిరుగుబాటుదారులు న్యూజిలాండ్ పైలట్‌ను పట్టుకుంటే విడుదలకు 19 నెలలు పట్టింది. శిఖరానికి సమీపంలోనే ప్రపంచంలోని అతిపెద్ద బంగారు నిల్వల్లో ఒకటైన గ్రాస్‌బర్గ్ గని ఉంది. అముంగ్మే తెగకు ఆ పర్వతం తల్లి శిరస్సు. ఇండోనేషియా దానికి పెట్టుకున్న పేరు ‘పుంచాక్ జయ’, అంటే జయ శిఖరం. ఎవరి మీద జయమో తెలుగువాడికి నిఘంటువు వెతక్కుండానే అర్థం కావాలి.

నడక దారుల్లోని ఊళ్లు ప్రమాదకరమని ఇప్పుడు చాలా బృందాలు హెలికాప్టర్‌లో నేరుగా లోయలోని బేస్ క్యాంపుకు దిగి, ఎక్కి, ఫొటో తీసుకుని, మళ్లీ ఎగిరిపోతున్నాయి. ఆ ఫొటోలో బూడిదరంగు సున్నపురాయి, త్రివర్ణ పతాకం, నవ్వే ముఖం ఉంటాయి. శంషాబాద్ విమానాశ్రయంలో పూలదండల మధ్య మా విలేకరి మైకు చాపి ‘ఎలా ఫీలవుతున్నారు’ అని అడుగుతాడు. అడగనీయండి. రెండో ప్రశ్నగా, నడిచి వెళ్లే దారి ఉండగా హెలికాప్టర్ ఎందుకు ఎక్కాల్సి వచ్చిందని కూడా అడిగితే, పాపువా గురించి మేము ఇన్నేళ్లూ రాయనిదంతా ఆ ఒక్క జవాబులో బయటికొస్తుంది.