అటికస్ మీద అలిగి ఏం లాభం?

అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ రెండో పుస్తకం చదివి నొచ్చుకున్నవాళ్లలో చాలామంది తిట్టింది అటికస్ ఫించ్‌ని. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో ఒక నల్లజాతి యువకుడి తరఫున ఊరినంతా ఎదిరించిన ఆ లాయరు, 2015లో వచ్చిన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’లో జాతి వేర్పాటును వెనకేసుకొచ్చే పెద్దమనిషిగా కనబడేసరికి అభిమానులకు నోట మాట రాలేదు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ల బాధ సరేసరి. నా కోపం మాత్రం ఆ చిత్తుప్రతిని నవలగా ముస్తాబు చేసి అమ్మినవాళ్ల మీద.

ఈ రెండింటిలో ముందు రాసింది ‘వాచ్‌మన్’. 1957లో ఆ రాతప్రతి లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థకు చేరింది. టే హోహాఫ్ అనే ఎడిటర్ చదివి, ఇందులో నవల లేదు, ముచ్చట్ల వరస ఉందని తేల్చేసింది. అక్కడితో వదలకుండా రెండేళ్లకు పైగా కూర్చోబెట్టి తిరగరాయించింది. 1960లో అచ్చయి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి తెచ్చుకున్న ‘మాకింగ్‌బర్డ్’ ఆ తిరగరాతే.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ‘వాచ్‌మన్’లో ఆ యువకుడి మీద పెట్టిన అత్యాచారం కేసు నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. పైగా అటికస్ గెలుస్తాడు, నిందితుడు బయటపడతాడు! ‘మాకింగ్‌బర్డ్’లో అదే కేసు ఓడిపోతాడు. ఆ ఓటమే లేకపోతే మనం ఇన్నేళ్లు గుండెలకు హత్తుకున్న పుస్తకం ఎక్కడుంది? ‘మాకింగ్‌బర్డ్’లో ఇల్లు కదలని ఆ పొరుగింటి బూ రాడ్లీ ‘వాచ్‌మన్’లో అసలు లేడు. అటికస్ కొడుకు జెమ్ చావు ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. ఒక్క సన్నివేశం మాత్రం ఒళ్లు జలదరించేలా ఉంటుంది: అటికస్ కూతురు, ఇరవయ్యారేళ్ల జీన్ లూయిస్, చిన్నప్పుడు తండ్రి వాదన విన్న కోర్టు బాల్కనీలోనే కూర్చుని, కింద జాతి వేర్పాటు కోసం పెట్టుకున్న తెల్లవాళ్ల కౌన్సిల్ మీటింగులో తండ్రిని చూస్తుంది. ఆ తర్వాత? జాక్ బాబాయి పేజీలకు పేజీలు ఉపన్యాసం దంచి, చివరికి చేయి కూడా చేసుకుంటాడు. పిల్ల దారికొస్తుంది. హోహాఫ్ ఎర్రసిరా ఎక్కడ పడేదో మనకే తెలుస్తుంది.

అసలు అటికస్ ఇతనేననీ, అప్పటి దక్షిణాది మర్యాదస్తుల నిజరూపం ఇదేననీ కొందరంటారు. చరిత్రగా ఒప్పుకుంటాను. అలాగైతే పరిశోధకుల కోసం వివరణలతో వేయాల్సింది. అలా చేయకుండా ఉత్తర అమెరికాలో మొదటి వారంలోనే 11 లక్షల కాపీలు దాటించారు. మిషిగన్‌లో ఒక పుస్తకాల షాపు కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తానంది. నాకు నచ్చిన వ్యాపారి.

ప్రచురణకు 89 ఏళ్ల లీ మనస్ఫూర్తిగా ఒప్పుకుందా లేదా అన్న రభసలోకి నేను పోను. ఒప్పుకున్నా, హోహాఫ్ 1974లోనే పోయింది. ఆమె కుర్చీలో ఈసారి ఎవరూ కూర్చోలేదు.

ఆ కుర్చీ మన దగ్గర ఎప్పుడైనా వేశామా? తెలుగు నవల తెరిస్తే ముఖచిత్రం ఎవరిదో ఉంటుంది, డీటీపీ ఎవరు చేశారో ఉంటుంది, ప్రెస్సు చిరునామా ఉంటుంది. మూడో అధ్యాయం ఎత్తేయమన్న మనిషి పేరు ఉండదు, చాలాసార్లు అలాంటి మనిషే ఉండడు గనక. ముందుమాటలు మాత్రం మూడు, మూడూ మిత్రులవే. వారపత్రికల సీరియళ్ల కాలంలో కనీసం నిడివి దగ్గరైనా సంపాదకుడు అడ్డం పడేవాడు. ఇప్పుడు పేరున్న రచయిత వర్డ్ ఫైలు తిన్నగా ప్రెస్సుకు పోతోంది. పేరు ఎంత పెద్దదైతే అడ్డుచెప్పేవాళ్లు అంత తక్కువ. అభిమాన రచయిత కొత్త నవల తేలిపోతే ‘ఆయన పనైపోయింది’ అని పెదవి విరుస్తాం. పనైపోయింది రచయితది కాదేమో, మన చేతికొచ్చింది మొదటి ప్రతేమో అని ఆలోచించం. ఒకరిద్దరు చిన్న ప్రచురణకర్తలు ఈ మధ్య ఎడిటింగ్ మీద దృష్టి పెడుతున్నారు, సంతోషం.

సొంత డబ్బుతో అచ్చేసుకునే రచయిత ఎడిటర్‌కు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడని అడుగుతారు. ఆవిష్కరణ సభ హాలు అద్దెకూ, వేదిక మీద ఏడుగురి శాలువాలకూ ఎక్కడినుంచి తెస్తున్నాడో అక్కడినుంచే.